పైలట్ వాచ్‌కి ఆర్డర్ రాసేది ఇప్పుడు ఎవలు?

(హన్మకొండల వాచీలు పోగేసెటోళ్లం కలుసుకున్నప్పుడు మాట్లాడిన మాటలు. రికార్డింగ్ విని టైప్ చేసినం, మైక్ గొడవలు, దగ్గులు తీసేసినం, మిగతాది ఉన్నది ఉన్నట్టు.)

వెనక కూసున్నోళ్లకు వినవడుతుందా? ఆ, సరే. అందరికీ నమస్కారం. ఆదివారం పూట ఇంట్ల పనులు ఒదిలిపెట్టి వచ్చిండ్రు, మీ ఇంటోళ్లకు కూడా నమస్కారం. (నవ్వులు)

ముందుగాల ఒక గమ్మతు చెప్త. ఇంతమందిమి కూసొని పైలట్ వాచీల గురించి, అంటే విమానం నడిపేటోళ్ల కోసం పుట్టిన వాచీల గురించి మాట్లాడుదామనుకుంటున్నం, మన ఊర్లెనేమో విమానం దిగక నలభై ఏండ్లు దాటిపోయింది. మామునూరు ఎయిర్‌పోర్ట్ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కట్టించింది, ఇటు మన అజంజాహి మిల్లు, అటు కాగజ్‌నగర్ పేపర్ మిల్లు, వాటి పనులకు అక్కరకొస్తదని, 1981 దాంక నడిచింది, ఆ తర్వాత బందయింది, శంషాబాద్ నుంచి 150 కిలోమీటర్ల లోపట ఇంకోటి రావద్దన్న కండిషన్ ఒకటి అడ్డం ఉండె, మొత్తానికి 2025 ఫిబ్రవరి ఆఖర్ల కేంద్రం సరే అన్నది. గందుకని ఎదురుచూసుడు అంటే ఏందో వరంగలోళ్లకు ఎవలూ నేర్పే పని లేదు.

ఇగ అసలు ముచ్చట. కొన్ని నెలల సంది మన గ్రూప్‌ల ఒకటే లొల్లి, కొత్త పైలట్ లైన్ వస్తుందంట, వచ్చే ఏప్రిల్‌ల జెనీవాల కొత్త వాచీల షోల చూపిస్తరంట అని. ఏ కంపెనీ అనేది నేను ఇక్కడ చెప్ప, ఎందుకంటే అది పుకారు, పుకారును మైక్‌ల చెప్తే రేపు అదే వార్త అయితది. కానీ మీరు గమనించిండ్రా, ఒక్క ఫోటో పెట్టిండ్రు ఎవలో, మొత్తం నల్లగ ఉన్నది, ఒక మూలకు క్రౌన్, అదే చాబీ తిప్పే గుండీ, జర మెరుస్తున్నది గంతే, దాని మీద రెండు రోజులు కొట్లాట! ఇది 41 మిల్లీమీటర్ల సైజు అని ఒకలు, కాదు 39 అని ఒకలు, డేట్ ఉంటదా ఉండదా, ఉంటే ఏడ ఉంటది, 3 దగ్గరనా 6 దగ్గరనా, నాలుగున్నర దగ్గర పెడితే మాత్రం నేను ఆ కంపెనీని జన్మల ముట్ట అని ఒక తమ్ముడు ఒట్టు కూడా పెట్టుకున్నడు. ఆ తమ్ముడు ఈడనే ఉన్నడు, పేరు చెప్ప. (నవ్వులు)

బయటోళ్లు చూస్తే ఏమనుకుంటరు? కొననోళ్లకు ఇంత ఆత్రం ఎందుకు అనుకుంటరు. నిజమే, ఈడ ఉన్న వాళ్లల్ల ఆ వాచ్ కొనగలిగేటోళ్లు ఎంతమంది? కానీ నాకు ఈ కొట్లాట ఉత్త కాలక్షేపం అనిపియ్యదు. నేను చెప్పదలుచుకున్న మాట ఒక్కటే, మిగతావన్నీ దాని చుట్టే తిరుగుతయి. పైలట్ వాచ్ అనేది కంపెనీలు సొంతంగ సోంచాయించి చేసిన వస్తువు కాదు, ఎవలో ఆర్డర్ కాగితం రాసిస్తే చేసిన వస్తువు. ఇంత సైజు, ఇంత కరెక్ట్ టైమ్, ఇట్లాంటి డయల్ అని మిలిటరోళ్లు రాసిచ్చేది, కంపెనీలు చేసి ఇచ్చేవి. ఆ కాగితం రాసే ఆఫీసర్ ఇప్పుడు లేడు. ఆ కుర్చీ ఖాళీగ ఉన్నది, మనం పోయి దాంట్ల కూసున్నం. మన వాట్సాప్ లొల్లి అంటే అదే, స్పెసిఫికేషన్ రాసుడు.

ఇది ఎట్ల మొదలైందో జర తొందరగ చెప్త, ఈ భాగం అందరికీ తెలిసిందే. బ్రెజిల్ నుంచి వచ్చి పారిస్‌ల విమానాలు నడిపిన సాంటోస్ డ్యుమాంట్, జేబుల గడియారం తీసి చూసుడు కష్టమైతుందని దోస్తు లూయీ కార్టియర్‌కు చెప్తే 1904ల ఆయన చేతికి కట్టుకునేది చేసిచ్చిండు, 1911ల దాన్ని అమ్మకానికి పెట్టిండ్రు. 1909 జూలై 25న బ్లెరియో విమానంల ఇంగ్లిష్ ఛానల్ దాటినప్పుడు చేతికి జెనిత్ కంపెనీ వాచ్ ఉండె. ఇవన్నీ ఒక మనిషి, ఒక దోస్తు, ఒక వాచ్, గంతే. ఇంకా కాగితం రాలే.

కాగితం వచ్చింది మిలిటరీ నుంచి. ఇక్కడ జర ఆగుతా, ఎందుకంటే ఇది నాకు మస్తు ఇష్టమైన భాగం, ఫిజిక్స్ చెప్పుకుంట బతికినోణ్ని కదా. 1940 ఆ ప్రాంతంల జర్మన్ వాయుసేన నావిగేటర్ల కోసం ఒక వాచ్ కావాలన్నది. దాన్ని బీ-ఊర్ అంటరు. ఐదు కంపెనీలు చేసినయి, లాంగే, ఐడబ్ల్యూసీ, లాకో, స్టోవా, వెంపె. సైజు ఎంతో తెలుసా? 55 మిల్లీమీటర్లు! మన చేతికి కడితే మణికట్టు కనవడదు. కానీ అది చొక్కా మీద కట్టేది కాదు, లెదర్ జాకెట్ చెయ్యి మీదికెళ్లి కట్టేది, అందుకే బెల్ట్ గంత పొడుగు. గ్లౌజులు ఏసుకొని తిప్పాలె కాబట్టి క్రౌన్ ఉల్లిగడ్డ అంత. 12 దగ్గర అంకె లేదు, త్రికోణం, అటు ఇటు రెండు చుక్కలు, చీకట్ల వాచ్ ఎటు తిరిగి ఉన్నా పైకి ఏది అన్నది ఒక్క చూపుల తెల్వాలె. క్రౌన్ గుంజితే సెకన్ల ముల్లు ఆగాలె, ఎందుకంటే బయల్దేరే ముందు అందరి టైమ్ ఒక్క సెకన్‌కు కలపాలె. తయారైనంక హాంబర్గ్‌ల ఉన్న నౌకా అబ్జర్వేటరీల పరీక్ష పెట్టేది.

ఒక్క సెకన్ కోసం ఎందుకింత పట్టుదల? లెక్క చూడుండ్రి. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతది. అంటే ఒక డిగ్రీకి 4 నిమిషాలు. డిగ్రీల 60వ వంతు తిరగడానికి 4 సెకన్లు. భూమధ్యరేఖ దగ్గర ఆ 60వ వంతు అంటే ఒక నాటికల్ మైలు, కిలోమీటరున్నర కన్న ఎక్కువ, 1.852. జీపీఎస్ లేదు, రేడియో పెడితే శత్రువు వింటడు, సెక్స్టెంట్ పెట్టి, అంటే చుక్క ఎంత ఎత్తుల ఉన్నదో కొలిచే పరికరం, చుక్కను చూసి, వాచ్ చూసి ఏడ ఉన్నమో లెక్క గట్టాలె. వాచ్ అర నిమిషం తప్పు చూపిచ్చిందనుకో, మన ఊరు ఉన్న అక్షాంశం దగ్గర పదమూడు కిలోమీటర్లు తేడా వస్తది. వరంగల్ స్టేషన్ మీద ఉన్నం అనుకునేటోడు మామునూరు కూడా దాటిపోయి ఉంటడు. అమెరికా నేవీల వీమ్స్ అని ఒకాయన ఉండె, నావిగేషన్ గురువు, ఆయన దీనికోసమే లోపలి డయల్ తిప్పి రేడియో సిగ్నల్‌కు సెకన్ కలుపుకునే వాచ్ లాంజీన్ కంపెనీతోని చేయించిండు, అట్లాంటిక్ ఒంటరిగ దాటిన లిండ్‌బర్గ్ ఆయన దగ్గర నేర్చుకొని దాన్ని ఇంకా ముందుకు తీస్కపోయి టైమ్‌ను డిగ్రీల లెక్కన చూపించే అవర్ యాంగిల్ వాచ్ గీసిండు, 1931ల వచ్చింది అది. అంటే డయల్ మీద ఉన్న ప్రతి గీతకూ ఒక పని ఉండె, అందం కోసం ఒక్కటి కూడా లేకుండె, మనకేమో ఇప్పుడు అదే అందం.

యుద్ధం అయినంక బ్రిటన్ వాయుసేన కాగితం వచ్చింది, దానికి ఐడబ్ల్యూసీ, జేజర్ లెకూల్టర్ మార్క్ 11 చేసినయి. 1948ల మొదలైంది, 1981 దాంక సర్వీసుల ఉన్నది. అన్నట్టు మన మామునూరు బందయిందీ అదే ఏడు, ఊకె చెప్తున్న, సంబంధం ఏం లేదు. (నవ్వులు) మార్క్ 11ల గొప్పతనం లోపలి ఇనుప పెట్టె. మెత్తటి ఇనుము, సాఫ్ట్ ఐరన్, డయల్ ఇనుమే, కింద మూత ఇనుమే, మెషీన్ మధ్యల ఉంటది. కాక్‌పిట్‌ల పరికరాల నుంచి వచ్చే అయస్కాంత క్షేత్రం ఆ ఇనుములకెళ్లి చుట్టు తిరిగి పోతది, లోపటికి రాదు. ఆన్‌లైన్‌ల చానామంది దీన్ని ఫారడే కేజ్ అంటరు, అది తప్పు, ఫారడే కేజ్ పని వేరే, అది విద్యుత్ క్షేత్రానికి, నా దగ్గర చదువుకున్నోళ్లు ఎవలన్నా ఆ మాట అంటే మళ్ల ఇంటర్ ఫస్టియర్‌ల కూసోబెడ్త.

అయస్కాంతం పడితే ఏమైతది? వాచ్ నడకను పట్టి ఉంచే సన్నటి స్ప్రింగ్ ఉంటది, హెయిర్ స్ప్రింగ్ అంటరు, దాని చుట్లు ఒకదానికొకటి అతుక్కుంటయి, స్ప్రింగ్ పొట్టిగైనట్టు లెక్క, వాచ్ పరుగులు పెడ్తది. రోజుకు నిమిషాల లెక్కన ముందుకు పోతది. మీ వాచ్ ఉన్నట్టుండి ఫాస్ట్ అయిందంటే సర్వీసింగ్‌కు వేల రూపాయలు పొయ్యకముందు ఫోన్‌ల కంపాస్ తెరిచి దాని మీద వాచ్ అటు ఇటు జరుపుండ్రి, ముల్లు ఊగిందంటే అయస్కాంతం పట్టింది అన్నట్టు, తీసే మిషన్ కొన్ని వందలకే దొరుకుతది. ఇప్పుడు కాక్‌పిట్ అక్కర్లే, ల్యాప్‌టాప్ మూత, స్పీకర్, ఫోన్ కవర్ అయస్కాంతం, ఇవి చాలు. అంటే ఆ ఇనుప పెట్టె అవసరం 1948ల పైలట్‌కు ఎంత ఉండెనో హన్మకొండల కూసున్న మనకు అంతకన్న ఎక్కువే ఉన్నది, ఈ మాట గుర్తు పెట్టుకోండ్రి, మళ్ల వస్త.

ఫ్రాన్సోళ్లు 1950ల మొదట్ల ఇంకో కాగితం రాసిండ్రు, టైప్ 20. 38 మిల్లీమీటర్లు, నల్ల డయల్, తిరిగే బెజెల్ అంటే డయల్ చుట్టు ఉండే రింగు, రోజుకు 8 సెకన్ల కన్న ఎక్కువ తప్పొద్దు, 35 గంటలన్న నడవాలె, ఫ్లైబ్యాక్ ఉండాలె. ఫ్లైబ్యాక్ అంటే స్టాప్‌వాచ్ నడుస్తుండంగనే ఒక్క నొక్కుకు సున్నాకొచ్చి మళ్ల మొదలుగావాలె, మామూలు దాంట్ల ఆపాలె, సున్నాకు తేవాలె, మళ్ల నొక్కాలె, మూడు సార్లు, మలుపు తిరిగేటప్పుడు పైలట్‌కు గంత టైమ్ ఏడిది. బ్రెగే, డొడాన్, ఒరికోస్ట్, ఇట్ల చానా కంపెనీలు అదే కాగితం పట్టుకొని చేసినయి, అందుకే పక్కపక్కన పెడితే అన్నీ అన్నదమ్ముల లెక్కనే ఉంటయి.

తర్వాత ఏమైంది, బ్యాటరీతోని నడిచే క్వార్ట్జ్ వాచ్ వచ్చింది, కంప్యూటర్ వచ్చింది, జీపీఎస్ వచ్చింది, పైలట్‌కు చేతి గడియారంతోని పని అయిపోయింది. ఇయ్యాల ఏ ఎయిర్‌ఫోర్స్ కూడా చాబీ ఇచ్చే వాచ్ కావాలని కాగితం రాయది. కానీ ఐడబ్ల్యూసీ 1990లల్ల మార్క్ 12 తీసింది, 2002ల బిగ్ పైలట్ తీసింది. ఎవలికోసం? మనలాంటోళ్ల కోసం. ఆడికెళ్లి ఇది లగ్జరీ అయింది, ఆడికెళ్లే మన ఎదురుచూసుడు కూడా మొదలైంది.

ఈ మార్క్ లైన్ సైజులు వరుసగ చెప్త, వినుండ్రి, దీంట్లనే మొత్తం కథ ఉన్నది. మార్క్ 12 సైజు 36. 13, 14 లేవు, దాటేసిండ్రు. 15 వచ్చేసరికి 38. 16ల 39. 17ల 41. 18ల 40. 19 లేదు. 20 కూడా 40. ఎక్కుకుంట ఎక్కుకుంట పోయింది, 17 దగ్గర జర జారింది, వెనక్కొచ్చింది. ఎందుకు జారింది?

2012 జనవరి. అప్పట్ల ఐడబ్ల్యూసీ ఏడాదికి ఒక్క లైన్ మీదనే దృష్టి పెట్టేది, 2012ల పైలట్, 13ల ఇంజినీర్, 14ల ఆక్వాటైమర్, 15ల పోర్చుగీజర్, 16ల మళ్ల పైలట్. అంటే కలెక్టర్లకు ఈ యేడు మన వంతు అని తెలుస్తుండె, అప్పట్ల జెనీవా షో సంక్రాంతి పోయిన వెంటనే ఉండె, వాచ్ పిచ్చోళ్లకు అదే పండుగ. అందరు ఏం రాసుకున్నరు? సైజు పెంచకుండ్రి, డయల్ ముట్టుకోకుండ్రి అని. వచ్చింది మార్క్ 17, 41 మిల్లీమీటర్లు, డేట్ దగ్గర ఒక్క అంకె కాదు, నిలువుగ మూడు తేదీలు కనవడేటట్టు పెద్ద కిటికీ, విమానంల ఆల్టిమీటర్ లెక్క ఉంటదని. నిన్నటి తేదీ, ఇయ్యాలటిది, రేపటిది! నిన్నటి తేదీతోని నాకేం పని నాయినా? కలెక్టర్లు మొత్తుకున్నరు, నెత్తి బాదుకున్నరు. 2016ల మళ్ల పైలట్ వంతు వచ్చింది, మార్క్ 18, 40 మిల్లీమీటర్లు, ఒక్కటే తేదీ. ఇంతకన్న సాక్ష్యం ఏం కావాలె, ఆ కాగితం రాసింది మనమే.

కానీ ఇది ప్రతిసారి జరగది. 2015ల పటేక్ ఫిలిప్ ఒక పైలట్ వాచ్ తీసింది, కలట్రావా పైలట్ ట్రావెల్ టైమ్, మోడల్ నంబర్ 5524, తెల్ల బంగారం, నీలం డయల్, సైజు 42. ఆ వారం నెట్‌ల పడ్డ తిట్లు మామూలువి కాదు. పటేక్‌కు విమానాలతోని ఏం సంబంధం అని, జెనిత్ లెక్క ఉన్నదని, ఎడమ దిక్కు ఆ రెండు బటన్లు ఏందని. కంపెనీ ఏమన్నది, మా మ్యూజియంల 1930లల్ల చేసిన నావిగేషన్ వాచీలు ఉన్నయి, పోయి చూసుకోండ్రి అన్నది. వెనక్కి తగ్గలే. తర్వాత గులాబీ బంగారంల కూడా తీసింది, నడిచింది. నాకు అప్పుడు అనిపిచ్చింది, అరె, మనం తిట్టినంత మాత్రాన వస్తువు చెడ్డది గాదు.

2023 చూడుండ్రి, ఆ ఒక్క ఏడాదే మనకు రెండు పరీక్షలు వచ్చినయి. వసంతంల జెనిత్, జూన్‌ల బ్రెగే. బ్రెగే కొత్త టైప్ 20 కోసం ఎన్నేండ్ల సంది చూసిండ్రు జనం, మిలిటరీది ఒకటి, సివిల్‌ది ఒకటి, రెండు తెచ్చిండ్రు. మెషీన్ మాత్రం కడుపునిండ చేసిండ్రు, కొత్తది, సెకన్‌కు పది కొట్టుకుంటది, 60 గంటలు నడుస్తది, ఫ్లైబ్యాక్ ఉన్నది, హెయిర్ స్ప్రింగ్ సిలికాన్. కానీ సైజు 42, పాత కాగితంల 38. డేట్ పోయి నాలుగున్నర దగ్గర కూసున్నది, పాత కాగితంల డేటే లేదు. మన తమ్ముడు ఒట్టు పెట్టుకున్నది ఊరికెనే కాదు. (నవ్వులు) ఇక్కడ మాత్రం నేను కలెక్టర్ల దిక్కే. మిలిటరీ అని పేరు పెట్టి, పాత డయల్ గుర్తుకు తెచ్చి, మధ్యల కిటికీ కోసుడు ఏందో నాకు సమజ్ కాలే.

జెనిత్ కథ ఉల్టా. పైలట్ అనే మాట డయల్ మీద రాసుకునే హక్కు స్విట్జర్లాండ్‌ల వాళ్లదే, 1904 సంది ట్రేడ్‌మార్క్ పెట్టుకున్నరు. మన హెచ్ఎంటీ వాళ్లు బెంగళూరుల కూసొని నల్ల డయల్ మీద దర్జాగ పైలట్ అని అచ్చేసి ఊరూరా అమ్మిండ్రు, అది వేరే ముచ్చట. (చప్పట్లు) సరే, జెనిత్‌కు అంతకుముందు ఒక పాత కాలం లెక్క ఉండే పైలట్ లైన్ ఉండె, పెద్ద ఉల్లిగడ్డ క్రౌన్, పాతబడ్డట్టు రంగేసిన అంకెలు, జనానికి ఇష్టమైంది. దాన్ని పక్కన పెట్టి 2023ల పూర్తి కొత్తది తెచ్చిండ్రు, 40 మిల్లీమీటర్లు, డయల్ మీద అడ్డం గీతలు పాత విమానం రేకు లెక్క, డేట్ 6 దగ్గర, సక్కగ సాపుగ. గ్రూప్‌ల ఏమన్నరు? ఆత్మ లేదు అన్నరు. నాకు నచ్చింది. ఎందుకంటే మనం కాగితం రాస్తే ఏం రాస్తం, ప్రతిసారి 1948 రాస్తం. మన చేతికి పూర్తిగ ఇస్తే ఇగ ఏ కంపెనీ కొత్తగ ఒక్క గీత గీయనియ్యం. అప్పటి ఆఫీసర్లు పాతది కావాలని రాయలే, వాళ్ల పనికి ఏం కావాల్నో అది రాసిండ్రు. మనం రాసేటప్పుడు మన పనికి ఏం కావాల్నో రాస్తున్నమా లేదా అన్నది సోంచాయించాలె.

మరి రాబోయే లైన్‌ల నేను ఏం చూస్త? అయస్కాంతం ముందు చూస్త. ఈ మధ్య అందరికీ వెనక అద్దం కావాలె, మెషీన్ కనవడాలె, అద్దం పెడితే కింద ఇనుప మూత ఎట్ల పెడ్తరు? సిలికాన్ స్ప్రింగ్ పెడితే ఆ గొడవ లేదు, దానికి అయస్కాంతం పట్టదు, కానీ ధరకు ఎక్కుతది, మన ఊరి మెకానిక్ చేతికి లొంగది. ఇనుప పెట్టె పెట్టి వెనక మూసేసిన కంపెనీ ఉంటే దానికి నా ఓటు. రెండోది ముందటి అద్దం, పైకి పోయినప్పుడు గాలి ఒత్తిడి తగ్గితే ఊడొద్దు, ఇది నిజమైన పైలట్ వాచ్ గుణం, బ్రోచర్‌ల రాసి ఉన్నదా లేదా చూడుండ్రి. పాతబడినట్టు గోధుమ రంగు లూమ్, అంటే చీకట్ల మెరిసే పూత, పూస్తరు చూసిండ్రా, పుట్టుకతోనే ముసలిది, నాకైతే అది నచ్చది, నచ్చినోళ్లు కొట్లాటకు రాకుండ్రి. సైజు అంటే అందరు అడ్డం కొలత అడుగుతరు, అడగాల్సింది పొడుగు, ఒక కొన నుంచి ఇంకో కొనకు, బెల్ట్ పట్టుకునే కాళ్లు ఉంటయి కదా, అవి మణికట్టు దాటి బయటికి పోయినయా, 39 అయినా పెద్దగనే కొడ్తది. బెజెల్ సన్నగ, డయల్ పెద్దగ ఉండేది పైలట్ వాచ్‌ల రివాజు, అందుకే 40 కూడా 42 లెక్క కనవడ్తది. ఫోటోల ఇది తెల్వదు. జెనీవాల తీసిన ఫోటోలు మెరిసే లైట్ల కింద తీసినయి, మన మే నెల ఎండల చూస్తే డయల్ ఇంకో తీరు ఉంటది.

ప్రశ్నలు ఏమన్నా ఉంటే... ఆ, చెప్పు తమ్మీ.

(సభలో ఒకరు: సార్, రిలీజ్ గాంగనే బుక్ చేసుకోకపోతే దొరకదంటున్నరు, పైసలు కట్టి పెట్టాల్నా?)

ఎవలంటున్నరు? అమ్మేటోళ్లు అంటున్నరు. చూడు, లిమిటెడ్ ఎడిషన్ వేరే, దాని సంగతి దానిది. మామూలు లైన్ అయితే కంపెనీ ఏండ్లకేండ్లు అమ్ముతది. మార్క్ 17 నాలుగేండ్లు ఉన్నది, మార్క్ 18 ఆరేండ్లు ఉన్నది, 2022ల 20 వచ్చే దాంక. ఆరేండ్లు అమ్మే వస్తువు కోసం మొదటి వారం ఉరుకుడు ఎందుకు? మొదటి యేడు మెషీన్‌ల ఏమన్న దోషం ఉంటే బయటపడేది కూడా అప్పుడే. మంచిగ ఒక పొద్దు కాజీపేటల రైలెక్కి హైదరాబాద్ పో, బంజారాహిల్స్ షోరూంల కూసో, ఏసీల చాయ్ తాగు, చేతికి కట్టుకొని అద్దంల చూస్కో, కొనకుండ వచ్చెయ్. సిగ్గుపడకు, వాళ్లకు అలవాటే. ఇంకో మాట, ఫలానా వాచ్ కావాల్నంటే ముందు గీ నడవని మోడల్ ఒకటి కొనుమంటరు కొన్ని దుకాణాలల్ల, ఆ మాట వస్తే లేచి బయటికి రా. దొరకదన్న భయంతోని కొన్న వాచ్‌ను ఆర్నెళ్లకు అమ్మకానికి పెట్టినోళ్లను నేను గ్రూప్‌ల చూస్తనే ఉన్న.

(ఇంకొకరు: ధరలు తగ్గుతయంటున్నరు కదా సార్, స్విట్జర్లాండ్ ఒప్పందం...)

ఆ, అది నిజమే. యూరప్‌ల నాలుగు దేశాల గుంపు, స్విట్జర్లాండ్ ఉన్న దాంతోని మన దేశం 2024 మార్చిల ఒప్పందం చేసుకున్నది, 2025 అక్టోబర్ 1 నుంచి అమలుల ఉన్నది. స్విస్ వాచీల మీద దిగుమతి సుంకం ఏడేండ్లల్ల కొంచెం కొంచెం తగ్గించుకుంట పోయి తీసేస్తరు. ఒక్కసారి కాదు, ఏడేండ్లు! జీఎస్టీ 18 శాతం అట్లనే ఉంటది. 10 లక్షలు దాటిన వాచ్ మీద 1 శాతం టీసీఎస్, అంటే అమ్మేటోళ్లే ముందుగాల వసూలు చేసే ఆదాయ పన్ను, కూడా పడ్తది, 2025 ఏప్రిల్ నుంచి, అది రిటర్న్‌ల చూపించుకోవచ్చు. ఇగ కంపెనీలు ఊకుంటయా, సుంకం తగ్గినంత ధర పెంచితే మన చేతికి ఏం రాదు, అందుకే సుంకం తగ్గుతదని ఆగుడు, పెరుగుతదని ఉరుకుడు, రెండూ నాకు పెద్దగ నమ్మకం లేని లెక్కలు. మార్క్ 20 లాంటిది కూడా ఐదు లక్షల పైమాటే, మన దగ్గర ఎంతమంది జీతం అది, ఆలోచించుండ్రి. ఎదురుచూసుడుకైతే జీఎస్టీ లేదు. (నవ్వులు)

అగో, ఆ మూలకు పెద్దాయన. చెప్పుండ్రి సార్.

(పెద్దాయన: లక్షలు మాతోని గాదు. నా దగ్గర హెచ్ఎంటీ పైలట్ ఉన్నది, నెట్‌ల కొన్న. అసలుదో నకిలీదో ఎట్ల తెలుస్తది?)

ఇది మంచి ప్రశ్న, ముందే రావాల్సిన ప్రశ్న. హెచ్ఎంటీ 1961ల జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతోని బెంగళూరుల వాచీలు మొదలు పెట్టింది, 2016ల సర్కారు ఆ వాచ్ కంపెనీని మూసెయ్యాలని నిర్ణయం తీసుకున్నది. పైలట్ వాళ్ల చాబీ ఇచ్చే వాచ్, నల్ల డయల్, 17 జ్యువెల్స్, అంటే మెషీన్ అరగకుండ లోపట పెట్టే చిన్న రాళ్లు. ఎయిర్‌ఫోర్స్ కోసం చేసిండ్రని కథలు చెప్తరు, కాగితం చూపించుమంటే నాకైతే ఎవలూ చూపియ్యలే. కానీ దాని మీద ఆశ మాత్రం స్విస్ వాచ్ మీద ఉన్నంతనే ఉన్నది, అందుకే నకిలీల పంట. ఎరుపు డయల్ పైలట్, పసుపుది, నారింజది, ఆకుపచ్చది, నెట్‌ల కుప్పలు కుప్పలు, అవి చానా వరకు పాత వాచీల డయల్ గీకి మళ్ల రంగేసి అచ్చేసినయి. మెషీన్ ఒకదానిది, కేసు ఒకదానిది, ముండ్లు ఇంకోదానివి. నల్ల డయలే అయినా భూతద్దం పెట్టి అక్షరాలు చూడాలె, ఫ్యాక్టరీ అచ్చు సన్నగ సాపుగ ఉంటది, మళ్ల వేసింది మందంగ, అంచులు ఉబ్బి, అంకెలు జర అటు ఇటు వంగి ఉంటయి. నిమిషాల గీతలు అంకెల మధ్యకు సక్కగ వస్తున్నయా చూడాలె. యాభై ఏండ్ల వాచ్‌ల లూమ్ పచ్చగ మెరుస్తున్నదంటే అనుమానపడాలె. కేసు గీతలు పడి డయల్ మాత్రం అద్దం లెక్క ఉన్నదంటే ఇంకా అనుమానపడాలె. మూత తీపియ్యకుండ మాత్రం ఏ మాట చెప్పలేం, లోపట హెచ్ఎంటీ మెషీనేనా, స్క్రూలు అరిగినయా, బ్యాలెన్స్ చక్రం సక్కగ ఊగుతుందా, అది మన చౌరస్తల పాత మెకానిక్‌లు ఒక్క నిమిషంల చెప్తరు, వాళ్లకు వంద రూపాయలు ఎక్కువియ్యుండ్రి, ఆ పని తెలిసినోళ్లు ఇప్పుడు తక్కువైపోయిండ్రు.

తెచ్చిండ్రా ఇయ్యాల? చేతికే ఉన్నదా? ఇటు ఇయ్యుండ్రి సార్, కేసు ఓపెనర్ నా బ్యాగ్‌ల ఉన్నది, లైట్ జర ఇటు తిప్పు తమ్మీ, తీసి చూద్దాం.